ముక్కు మాస్టారి ఇంట్లో వెల్లుల్లి

తలుపు తాళం తిరిగిన చప్పుడు వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన రేపటికి గాని రాకూడదు. ఊరికి దూరంగా ఉన్న గిడ్డంగుల్లో పీపాలు చూసి రావడానికి తెల్లారే వెళ్ళారు, రాత్రికి అక్కడే ఉండిపోతానన్నారు. ఆ మాట నమ్ముకునే కదా, ఆయన మెట్లు దిగీ దిగగానే నేను బజారుకు పరిగెత్తింది. ఇప్పుడు పొయ్యి మీద మా అమ్మ పెద్దగిన్నె ఉంది. అందులో ఉల్లిపాయలు ఎర్రగా వేగుతున్నాయి. వాటి మధ్య గుప్పెడు వెల్లుల్లి అప్పుడే అంచుల దగ్గర మాడడం మొదలుపెట్టింది.

గిన్నె మీద మూత పడేశాను. ఆ ఘాటు మూతకి లొంగే రకం కాదు. హాలు దాటి, పడకగది దాటి, మెట్ల మీదికి ఎప్పుడో చేరి ఉంటుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

ఆయన గొడుగు మూలన ఆనించారు. బూట్లు విప్పారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"వంట ఇంకా అవలేదా? ఏం చేస్తున్నావు?"

నోటికి ఏదొస్తే అది అనేశాను. "ఏముంది, కూరగాయలు ఉడకబెడుతున్నా."

"మంచిది. తొందరేం లేదులే. శుక్రవారం అనుకున్న పరీక్ష రేపు పొద్దునకి మార్చారట. దారిలో ఉండగానే ఫోన్ చేసి వెనక్కి రమ్మన్నారు." అలా అని తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

నేను గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఉల్లిపాయల ఘాటుకి నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ ఘాటులోనే నిలబడి, కూరగాయలు ఉడుకుతున్నాయన్న మాట నమ్మి, మా ఆయన స్నానానికి వెళ్ళారు.

ఇందులో వింతేముందని మీరు అనుకోవచ్చు. మా ఆయన్ని కంపెనీలో అందరూ ముక్కు మాస్టారు అంటారు. ఉద్యోగం పేరు బ్లెండర్. మిక్సీ అనుకునేరు. సంబంధం కుదిరిన కొత్తలో మా పిన్ని అలాగే అనుకుని, ఇక మీ అమ్మాయికి పచ్చడి నూరే పని ఉండదని అమ్మతో అంది. విస్కీ తయారుచేసే కంపెనీ అది. చెక్కపీపాల్లో ఏళ్ళ తరబడి మగ్గిన సరుకుని ఒక్కో పీపాలోంచి కాస్త తీసి, వాసన చూసి, దేనితో దేన్ని ఎంత కలపాలో చెప్పడం ఆయన పని. తాగడం కాదు, వాసన చూడడం. రోజూ అన్ని గ్లాసులు తాగుతూ కూర్చుంటే సాయంత్రానికి మనిషి మిగలడు.

అలాంటి ముక్కుతో కాపురం చెయ్యడమంటే మాటలు కాదు. ఇంట్లో వాసనసబ్బు ఉండకూడదు, పౌడరు ఉండకూడదు, పూలకుండీ ఉండకూడదు. వేపుడు మాట తలపెట్టకూడదు. ఇక ఉల్లి, వెల్లుల్లి అయితే గుమ్మం తొక్కడానికే వీల్లేదు. ఇవాళ తిన్న వెల్లుల్లి రేపు చెమటలో ఉంటుందట, ఊపిరిలో ఉంటుందట. దాన్ని మోసుకెళ్ళి గ్లాసు ముందు కూర్చుంటే గ్లాసు అబద్ధం చెబుతుందట. ఒకసారి కింది వాటాలో ఎవరో ఉల్లిపాయ తరుగుతుంటే, పడకగదిలో కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి లేచి కూర్చున్నారు. నేను బస్సులో ఎవరి పక్కన కూర్చుని వచ్చానో, ఆవిడ ఏ క్రీము రాసుకుందో, నేను చెప్పులు విప్పేలోపు చెప్పేవారు. ఇలాంటి మొగుడికి తెలియకుండా ఒక లడ్డూ కూడా తినలేం.

మా అమ్మది దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ వంటంతా ఆ పెద్దగిన్నెలోనే. ఎముక ఉన్న మాంసం, బంగాళాదుంపలు, ఉల్లి, మిరియాలు, చూసినవాళ్ళు హడలిపోయేంత వెల్లుల్లి. సన్నటి మంట మీద సాయంత్రం దాకా అలా ఉడుకుతూ ఉండాల్సిందే. ఆ వంటకి వేరే పేరు లేదు, పెద్దగిన్నె అనే అనేవాళ్ళం. ఎవరికి జ్వరం వచ్చి తగ్గినా పెద్దగిన్నె. ఎవరికి ఉద్యోగం వచ్చినా పెద్దగిన్నె. ఎవరి మనసు బాగోకపోయినా పెద్దగిన్నె. అల్లుడు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆవిడ అదే వండింది. మర్నాడు కంపెనీలో పీపాలు తెరుస్తారని ఆయన రొట్టె, పాలు తీసుకుని లేచారు. అమ్మ మొహం చిన్నబోయింది.

అది చూసి ఆయన, "అత్తయ్యగారూ, ఈ ఉద్యోగం మానేసిన రోజున మొదటి ముద్ద మీ గిన్నెలోదే తింటాను. మాటిస్తున్నా" అన్నారు.

అమ్మ ఆ మాట పట్టుకుని వదల్లేదు. కనిపించినప్పుడల్లా "బాబూ, ఎప్పుడు మానేస్తావు?" అని అడిగేది. ఉద్యోగం మానెయ్యమని అల్లుణ్ణి పోరిన అత్తగారు ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. ఆయన మానలేదు. ఆవిడ పోయింది. గిన్నె నాకు వచ్చింది.

ఆయన ఊరెళ్ళినప్పుడు దాన్ని అటక మీంచి దించుతాను. వండుకుని, కిటికీలన్నీ తెరిచి, వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే తింటాను. తర్వాత గోడలు, గిన్నెలు, నన్ను నేను కడుక్కోవడంతో రోజు గడిచిపోతుంది. ఇంకా కాస్త మిగిలి ఆయన ముక్కు చిట్లిస్తే, బస్సులో పక్కావిడ మీదికి నెట్టేసేదాన్ని. అంత చాకిరీ చేసి తిన్నది కాబట్టే కాబోలు, అంత రుచిగా ఉండేది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వింటూ స్టవ్ ఆర్పేశాను. మా ఆయన ముక్కు పోయింది. ఆ సంగతి బుర్రకెక్కగానే నాకు మొట్టమొదట తట్టిందేమిటో చెప్పనా? ఇక రోజూ వండుకోవచ్చు అని. సిగ్గేసింది, నిజమే. కానీ ఆ ఆలోచన రావడం మాత్రం వచ్చింది, రాలేదని చెప్పలేను.

దాని వెనకాలే రేపటి పరీక్ష గుర్తొచ్చింది. ఇంకొన్నాళ్ళలో ఆయన ఉద్యోగ విరమణ. ఇన్నాళ్ళ కొలువుకి గుర్తుగా కంపెనీ ఒక ప్రత్యేకమైన విస్కీ తెస్తోంది. సీసా మీద ఆయన పేరు, ఆయన సంతకం. కలిపి ఉంచిన మిశ్రమాల్లో ఏది సీసాకెక్కాలో రేపు బయటివాళ్ళ ముందు ఆయన తేల్చాలి. ఏ వాసనా తెలియని మనిషి ఏం తేలుస్తారు?

ఒకవేళ నేనే పొరబడ్డానేమో. జలుబు చేసిందేమో. ప్రయాణంలో అలిసిపోయి పట్టించుకోలేదేమో. ఆయన స్నానం చేసి వచ్చి, హాల్లో కుర్చీలో కూర్చుని పేపరు విప్పారు. నేను పాలు పొయ్యి మీద పెట్టి, దగ్గరే నిలబడి, పొంగనిచ్చాను. మాడిన పాల కంపు నాకే వాంతి తెప్పించేలా ఉంది. ఆయన పేపరు తిప్పారు. వెనిగర్ సీసా సగం బకెట్లో ఒంపి ఆయన కుర్చీ చుట్టూ నేల తుడిచాను. తుడవడానికి వీలుగా ఆయన రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకున్నారు.

"ఇవ్వాళేంటి, మధ్యాహ్నం పూట తుడుస్తున్నావు?"

"ఊరికే. ఏమీ తోచక."

ఆ తర్వాత నాకు నిలకడ లేదు. కాలుకాలిన పిల్లిలా వంటింటికీ హాలుకీ మధ్య తిరిగాను. వాసన పోవాలని కిటికీ తీశాను. ఎదురింట్లో కంపెనీ గుమాస్తా ఉంటాడు. మాస్టారి ఇంట్లోంచి వెల్లుల్లి వాసన వచ్చిందంటే రేపు పొద్దునకల్లా కంపెనీ అంతా తెలిసిపోతుంది. కిటికీ మూశాను. మూస్తే ఇల్లంతా కమ్ముకుంటోంది. ఎవరైనా తలుపు తడితే? మళ్ళీ తీశాను. వాసన ఇంట్లో ఉన్నా ప్రమాదమే, వీధిలోకి వెళ్ళినా ప్రమాదమే. నాకు భయమేస్తోంది. దానికి తోడు కోపం కూడా వస్తోంది. ఇంత పెద్ద సంగతి కట్టుకున్న దానికి చెప్పకుండా ఈ మనిషి కాళ్ళెత్తి పేపరు చదువుతారా?

నాలుగింటి వేళ మా అమ్మాయి వచ్చింది. దానిదీ అదే కంపెనీ, తండ్రి కిందే పని. ముక్కు తండ్రిది, నోరు నాది. ఆయన తర్వాత ఆ కుర్చీ దీనిదేనని అందరూ అంటారు. దాని అడుగుల చప్పుడు విని నేనే మెట్ల మీదికి ఎదురెళ్ళాను.

"ఏంటమ్మా ఇది? కింద గేటు దాకా కొడుతోంది. నాన్న ఇంట్లోనే ఉన్నారుగా?"

"ఉన్నారు. పేపరు చదువుకుంటున్నారు."

మామూలుగా అయితే అది నామీద ఒంటికాలి మీద లేవాలి. లేవలేదు. గోడకున్న పెచ్చు గోటితో గీకుతూ నిలబడింది.

"నీకెప్పట్నించి తెలుసు?" అన్నాను.

"ఏది?"

"చెంప పగిలిపోతుంది. ఎప్పట్నించి తెలుసు?"

"చలికాలంలో జ్వరమొచ్చి తగ్గింది చూడు. అప్పట్నించి."

"మరి ఇన్నాళ్ళూ అక్కడ ఎలా నెట్టుకొస్తున్నారు?"

అది మెట్టు మీద కూలబడింది. నేనూ దాని పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళ గదిలో ప్రతి గ్లాసు మీదా బిళ్ళలాంటి గాజుమూత ఉంటుంది, ఆవిరి పోకుండా. వరస ప్రకారం ముందు ఇది చూస్తుంది, తర్వాత ఆయన చూస్తారు.

"బాగుంటే మూత తిన్నగా పెడతా. తేడా ఉంటే కొంచెం పక్కకి జరిపి పెడతా. నాన్న మూత చూసి చెప్తారు."

"ఆయన అలా చెయ్యమన్నారా?"

"ఎందుకంటారు? ఒకసారి పాడైన శాంపిల్‌ని బాగుందనబోయారు. నేను గభాల్న మూత జరిపా. నా మొహం చూశారు. మాట మార్చేశారు. ఆ రోజు నుంచి అంతే. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు."

"రేపు?"

"రేపు నన్ను ఆయన పక్కన కూర్చోనివ్వరు. కానీ గ్లాసుల్లో పోసి మూతలు పెట్టేది నేనే."

"అంటే రేపు కూడా జరుపుతావా?"

"జరపకపోతే ఎలా? ఒకదాంట్లో బూజు పట్టిన పీపాలోది కలిసిందమ్మా. ఆ వాసన చాలా సన్నగా ఉంది. నాకే మళ్ళీ చూస్తే గాని దొరకలేదు. ఆయన పొరపాటున అదే బాగుందంటే తొట్టె మొత్తం అలాగే కలిపేస్తారు. అంతా పాడు. దాని మీద ఆయన పేరు."

"దొరికిపోతే?"

"దొరకం."

"దొరికితే నీ గతేంటని అడుగుతున్నా."

"ఇంకెక్కడా నా చేతికి గ్లాసు ఇవ్వరు" అంది.

"మరి ఆయనతో చెప్పవే, ఇక చాలని."

"నేనెలా చెప్తానమ్మా? ఆయన నాన్న. నువ్వు చెప్పు."

నేనేమైనా ఆయనకి అమ్మనా, నాకు మాత్రం సులువా అని విసుక్కున్నాను. లోపలికి వచ్చాక చెప్పాలనే హాల్లోకి వెళ్ళాను. ఆయన తలెత్తి "ఏంటి?" అన్నారు. "టీ పెట్టనా?" అన్నాను. పెట్టనక్కర్లేదన్నారు. మళ్ళీ ఒకసారి వెళ్ళాను. ఈసారి "దుప్పట్లు ఉతకాలి" అన్నాను. సరే ఉతకమన్నారు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే అడ్డం తిరుగుతోంది. ఏమని చెప్పాలి? మీ ముక్కు పోయింది, మీ పరువు కాపాడబోయి పిల్ల బతుకు పోయేలా ఉంది, లేచి తప్పుకోండి అని చెప్పాలా? ఆయన ముక్కు అంటే ముక్కు కాదు. ఆ మనిషంతా అదే. ఊళ్ళో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు కూడా లేరు.

చివరికి చేతులు ఊరుకోక పెద్దగిన్నె కింద మళ్ళీ మంట వెలిగించాను. మాడిన రెబ్బలు ఏరి పారేశాను. మాంసం, దుంపలు వేసి నీళ్ళు పోశాను. దాచేదేమీ మిగల్లేదు కాబట్టి మూత కూడా పెట్టలేదు. మనసు బాగోకపోతే మా ఇంట్లో చేసేది అదొక్కటే కదా. అమ్మాయి వచ్చి మిరియాలు దంచి ఇచ్చింది.

సాయంత్రం భోజనానికి ముందు హాలు కిటికీ దగ్గర కూర్చుని నేనూ ఆయనా ఒక్కో చిన్న గ్లాసు విస్కీ తీసుకోవడం మా ఇంటి అలవాటు. పెళ్ళైన కొత్తలో నాకది కిరసనాయిలులా ఉండేది. ఆయనే నేర్పారు. చుక్క నీళ్ళు వేసి కాసేపు దాన్ని దాని మానాన వదిలేయమనేవారు. తొందరపడి ముక్కు లోపల పెట్టొద్దు, అది నీ దగ్గరికి వస్తుంది అనేవారు. నిజంగానే వచ్చేది. ముందు తేనె, కాస్త ఆగితే పాత చెక్క, గుక్క దిగిపోయాక ఎక్కడో పొగ. నాలుక మీద కాసేపు పట్టి ఉంచితే ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కో ముడీ విడిపోయేది. ఆయన మాటలకి నవ్వుతూనే రోజంతా ఆ గ్లాసు కోసం ఎదురుచూసేదాన్ని. తిండితో కలిపి మాత్రం తాగనిచ్చేవారు కాదు. గ్లాసు గ్లాసే, కంచం కంచమే. రెండూ కలిస్తే రెండూ పాడవుతాయని ఆయన సిద్ధాంతం.

ఇవాళ గ్లాసులు నేను నింపాను. వెల్లుల్లి తెలియకపోయినా, పాలు తెలియకపోయినా, విస్కీ తెలుస్తుందేమోనని నాలో ఇంకా ఆశ. నా గ్లాసులో మంచి సీసాలోది పోసుకున్నాను. ఆయన గ్లాసులో పక్కింటాయన ఎప్పుడో ఇచ్చిన నాసిరకం సీసాలోది పోశాను. దాంతో నేను అద్దాలు తుడుస్తుంటాను. చూపుకి రెండూ ఒకే రంగు.

ఆయన గ్లాసు వెలుగుకెత్తి చూశారు. వంచి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"తేనె" అన్నారు. కాసేపు ఆగి, "పాత బీరువా తలుపు తీసినట్టు" అన్నారు. ఒక గుక్క తీసుకుని, గ్లాసు వంక చూసి, "చివర్న ఆరిపోయిన పొయ్యి. బాగుంది" అన్నారు.

నా గ్లాసులో ఉన్న తేనె నా ముక్కుకు తెలుస్తోంది. తాగలేకపోయాను.

అక్కడే ఇంకాసేపు కూర్చుంటే ఏడ్చేస్తానని లేచి వెళ్ళాను. బల్ల మీద కంచాలు పెట్టాను. అమ్మాయిని పిలిచాను. పెద్దగిన్నె రెండు చేతులా పట్టుకొచ్చి మధ్యన దించాను. దాని మీద మూత తిన్నగా పెట్టలేదు. పక్కకి జరిపి పెట్టాను.

అమ్మాయి చేతిలో చెంచా కంచానికి తగిలి మోగింది. ఆయన వచ్చి కూర్చుని, రొట్టె అందుకోబోతూ ఆ మూత చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చాలాసేపు మూతనే చూశారు. తర్వాత అమ్మాయిని చూశారు. అది తల దించుకుంది. చివరికి నా వైపు చూశారు.

"ఇది అత్తయ్యగారి గిన్నె కదూ."

"అవును."

"అయితే పొద్దున ఉడికింది కూరగాయలు కాదన్నమాట."

"కాదు."

"ఆవిడకి ఒక మాటిచ్చాను" అన్నారు.

"ఉద్యోగం మానేసిన రోజున మొదటి ముద్ద అన్నారు."

మధ్యాహ్నం నుంచి కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు లేదు. ఆయన తినాలని ఉంది. తినకూడదనీ ఉంది. తింటే ముక్కు మాస్టారు అనే మనిషి ఈ బల్ల దగ్గరే అయిపోతాడు. తినకపోతే రేపు పిల్ల వెళ్ళి మూత జరుపుతుంది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్ళిపోతారేమోనని ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆయన బల్ల అంచుని వేళ్ళతో నిమురుతూ ఉండిపోయారు.

"రేపటి వాటిల్లో తేడా ఉన్నది ఏదో నీకు తెలుసా?" అని అమ్మాయిని అడిగారు.

"తెలుసు నాన్నా. అది..."

"నాకు చెప్పకు. వాళ్ళకి చెప్పు. ఆ కుర్చీలో నువ్వే కూర్చుని చెప్పు. పొద్దున్నే ముందు నేను లోపలికెళ్ళి మాట్లాడతాను. మూతల సంగతి కూడా నేనే చెప్తాను. నువ్వు చేసింది నాకోసం, చేయించుకున్నది నేను."

"రేపొక్కరోజు గడిస్తే మీ పేరుతో సీసా వస్తుంది నాన్నా."

"మూతలన్నీ తిన్నగా పెట్టు" అన్నారు. కంచం నా ముందుకి జరిపారు. "వెయ్యి."

ఒక దుంప, ఎముక మీంచి జారిపోతున్న మాంసం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పైన పులుసు వేశాను. ఆయన చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. మేమిద్దరం ఆయన మొహంలోకే చూస్తున్నాం. నెమ్మదిగా నమిలారు. మింగారు.

"వేడిగా ఉంది" అన్నారు. "ఉప్పు సరిపోయింది. మాంసం మెత్తగా ఉడికింది." ఇంకో చెంచా తీసుకున్నారు. అది కూడా మింగి చెంచా దించేశారు. "అంతే తెలుస్తోంది."

అప్పుడు ఏడ్చాను. మా అమ్మ ఎన్నేళ్ళు అడిగింది ఆ ముద్ద కోసం. ఆవిడ పోయాక నేనెన్నేళ్ళు దాచిపెట్టుకున్నాను. తీరా ఆయన నోటిదాకా వచ్చేసరికి అందులో వేడీ ఉప్పూ తప్ప ఏమీ మిగల్లేదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా అనిపించింది. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. అమ్మాయి నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆయన లేచి హాల్లోకి వెళ్ళి మంచి సీసా, నేను తాగకుండా వదిలేసిన గ్లాసు తెచ్చారు.

"ఇందాక నాకు పోసింది అద్దాలు తుడిచేది కదూ" అన్నారు.

నా ఏడుపు ఆగిపోయింది. "ఎలా తెలిసింది?"

"వాసన తెలీదు గాని గొంతులో మంట తెలుస్తుందిగా. నువ్వు నా వైపే చూస్తున్నావు. అందుకని పాఠం అప్పజెప్పాను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"నువ్వూ చెప్పొచ్చుగా. మధ్యాహ్నం టీ అన్నావు, దుప్పట్లు అన్నావు."

అమ్మాయి ముక్కు చీదుకుంటూ నవ్వింది. మీ ఇద్దరికీ బుద్ధి లేదంది. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు నువ్వు తిని చెప్పు, ఎలా ఉందో."

"నేనేం చెప్తానండీ."

"ఇన్నేళ్ళూ నేను గ్లాసు పట్టుకుని చెబుతుంటే నవ్వేదానివి. ఇవ్వాళ నీ వంతు. చెప్పు."

కంచంలో వేసుకుని ఒక ముద్ద తిన్నాను. ఆయన నేర్పినట్టే తొందరపడకుండా ఆగాను.

"ముందు ఉల్లిపాయ" అన్నాను. "ఉల్లిపాయలా ఉండదు, తియ్యగా ఉంటుంది. ఎక్కడుందో కనపడదు, అంతటా ఉంటుంది. తర్వాత వెల్లుల్లి. ఘాటంతా పోయి వెన్నలా అయిపోయింది, నాలుకతో నొక్కితే చాలు. అడుగున కొంచెం చేదుంది. పొద్దున మాడింది కదా, అది మీ వల్లే."

"నేనేం చేశాను?"

"రేపు రావాల్సిన మనిషి ఇవ్వాళ వస్తే మాడదా?"

ఆయన నవ్వారు. "ఊఁ. తర్వాత?"

"తర్వాత మిరియం. మింగాక వస్తుంది, చెవుల వెనక వెచ్చగా. ఆ తర్వాత..." ఆగిపోయాను. "ఆ తర్వాత మా అమ్మ చేతుల వాసన. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేది. ఎంత కడుక్కున్నా ఆ చేతికి ఈ వాసన ఉండేది."

ఆయన ఆ గ్లాసు నా ముందుకి తోశారు.

"ఇప్పుడిది తాగి చెప్పు."

"ఈ నోటితోనా? రెండూ కలవకూడదని మీరేగా అన్నారు?"

"అన్నాను. కలిపి ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుందో నాకు తెలీదు."

ఒక గుక్క తీసుకున్నాను. ఎలా చెప్పను? ఆయన రోజూ తేనె తేనె అనేవారు గాని, ఆ తేనె ఇంత దగ్గరగా నాకెప్పుడూ రాలేదు. వెల్లుల్లి దాన్ని చెడగొట్టలేదు, ముందుకి తోసింది. గిన్నె అడుగునున్న ఆ చేదు, విస్కీ చివర వచ్చే పొగ ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు కలిసిపోయాయి. బాగాలేదని అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఆ రుచి తెలియకపోయినా నష్టం లేదనుకుని ఆయన ఊరుకుంటారు కదా. కానీ ఆ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. ఈ ఒక్కరోజులో అందరం కలిసి ఆడిన అబద్ధాలు చాలనిపించింది.

"చాలా బాగుందండీ" అన్నాను. "మనం ఇన్నేళ్ళూ విడివిడిగా పెట్టుకుని తిన్నాం."

ఆయన తల పంకించారు. అమ్మాయి మెల్లిగా చెయ్యి చాపి నా గ్లాసులోంచి ఒక గుక్క తాగి, ఒక వెల్లుల్లి రెబ్బ నోట్లో వేసుకుని, కళ్ళు పెద్దవి చేసింది. రేపు పరీక్షకి కూర్చోవాల్సిన పిల్లవి, వెల్లుల్లి ముట్టుకుంటావా అని ఆయన దాని చేతి మీద ఒక్కటేసి, మిగతా రెబ్బలు తన కంచంలోకి లాక్కున్నారు.

"ఇంకొంచెం వెయ్యి" అన్నారు నాతో.

వేస్తుంటే బయట గాలి లేచింది. మధ్యాహ్నం నుంచి నేను తీసి, మూసి, మళ్ళీ తీసి వదిలేసిన కిటికీ టపటపా కొట్టుకుంది. ఆయన లేచి వెళ్ళి రెక్కలు రెండూ దగ్గరికి లాగి గడియ పెట్టారు.

"ఎందుకండీ, గాలాడదు" అన్నాను.

"వాసనంతా బయటికి పోతోంది కదా" అన్నారు.

వచ్చి కూర్చుని, చెంచా చేతిలోకి తీసుకుని, "ఊఁ, చెప్పు" అన్నారు.